రెండు నూర్ల చుక్కలు

తొంబై ఒకటి కాడ నిలిచిపోతాది.
తెల్లారుజామున మూడుంబావుకి, వ్యాను బానెట్టు ఇంకా చల్లగుండంగానే,
తొంబై ఒకటి శాతం. నీలం చక్రం తిరగతా, తిరగతా
తెర నల్లబడతాది. అందులో నా మొగం.

రెండువేల తొమ్మిదినూర్ల డబ్బా.
మూడు పాలవ్యాన్లకీ ఒకే మాదిరివి కొనిచ్చినారు డెయిరీవాళ్లు.
పెట్టెలో ఒక తీగ, అంటుకోని రబ్బరు కప్పు,
చీమతలకాయంత అక్షరాల కాయితం.
ఆర్పి వెలిగిస్తి. పది లెక్కపెట్టేదాకా బటన్ నొక్కిపడితి.
కార్డు పెరికి, ఊది, లుంగీకొసతో తుడిచి పెడితి.
మా నాయన రేడియోని కొట్టినట్టు పక్కన ఒకటి తడితి గూడా.
తొంబై ఒకటి.

చర్చివీధిలో మెట్లకింద దిల్షాద్ అంగడి.
రిమోట్లు, గోడగడియారాలు, పిల్లోళ్ల వీడియోగేములు.
కార్డు కంప్యూటర్లో దూర్చి, పేరు చదివి నగింది.
"మునెయ్య ఇరాల పాలరూటు పొద్దుటిది కొత్తది...
ఇంత పేరు దీని నోట్లో పట్టదన్నా. ఎనిమిది అక్షరాలే."
ఇరాల ఒకటి, అని మార్చింది.
మునెయ్య అట్ల పోయినాడు, మొట్టమొదట.

మళ్లీ తొంబై ఒకటి.

"ఎన్ని చుక్కలుండాయో చూస్తా ఉండు."
ఆరునూటా పన్నెండు.
"ఇది మోసేది రెండు నూర్లే. చవక గాడిద, మూట జాస్తి."

బండి దిగిపొయ్యే ముందు కడాకరి నెల
మునెయ్య ఈ డబ్బాను ఎదురుగా పెట్టుకోని తోలిన దారి అది.
నోటితో చెప్పడం రాదాయనకి.
నా యెనకాల రా, కనపడతాది, అంటాడు. అంతే.

తెరమీద దారి చీమలబారు.
కట్టమంచి దాటి, కాణిపాకం వంతెన మింద బాహుదా ఇసకను తొక్కకుండా,
ఇరాల మిట్టలెక్కే కాడ ఒకదాని వీపున ఒకటి.
"నేరుగా పొయ్యేకాడ రెండు చాలు. ఈ మలుపు కావల్నా?"
కావాల.
"ఇది?"
ఆడ గుంత ఉండాది.
"గుంతలన్నీ రాసుకుంటే దారి యాడ పడతాదన్నా?"
తుడిచేసింది.
బెల్లం గానుగ కాడ వంపు గీతైపోయింది.
ఇప్పుడు వ్యాను మామిడితోపులో అడ్డంగా దూరి పోవాల,
కంచె లేనట్టు, కుక్కలు లేనట్టు.

ఒకచోట వేలు నిలిపింది.
"ఈడేముండాది? నలబై చుక్కలు కుప్పబడుండాయి."
తెరకాడికి వంగి చూస్తి. ఎగువకండ్రిగకు కిందపక్క.
ఒక బోరింగు. కానగచెట్టు.
పట్టీలో ఆడ పాలకేంద్రం లేదు.
"బండి నిలబడిపోయినా ఇది చుక్కలు పెడతానే ఉంటాది.
దీనికి నిలబడడం తెలీదు."
అట్లయితే తీసెయ్, అంటి.
ఒక్క నొక్కు.

నూటా తొంబై ఎనిమిది.
చక్రం నూరుకి పోయి టింగుమనింది.
ఎనబై రూపాయలు తీసుకునింది.

మొదటిదినం బోరింగు కాడ ఎవురో నిలబడుండారు.
షేరాటో కోసమేమో అనుకుంటి.
రెండోదినం గూడా.
బాణం పో పో అంటా ఉండాది, పోతి.

మూడోదినం లైటు ఆమె చంకకర్ర మింద పడింది,
ఆమాట్న స్టీలు క్యాను మింద.
"మునెయ్యన్న పంపినాడా నిన్ను?" అనింది రాణెమ్మ.
ఒక ఆవు. లీటరున్నర. అంతకు కేంద్రం పెట్టరు గదా.
ఆయనే దొడ్డిదాకా నడిచిపోయి ఎత్తుకొచ్చేవాడంట,
కండ్రిగలో తన పేరుకి పోసి
పదో తారీకు పైసలు చేతికిచ్చేవాడంట.
"రెండు దినాల పాలు తోడేసినా," అనింది.
తిట్టలా. ఆ మాటే చెప్పి గమ్మునుండింది.

క్యాను మూత బిగుసుకుపోయింది.
చెరోపక్క పట్టి తిప్పతా ఉండాం.
ఇంజను ఆపలా నేను.
లోపల, అద్దం ఎనక,
డబ్బా తనపాటికి తాను
ఒకే చోట
చుక్కలు పెట్టుకుంటా ఉండాది.